ఒకే కుండ, ఒకే గ్లాసు

58వ రోజు

మంచినీళ్ల పడవ ఈరోజు గంట ఆలస్యంగా వచ్చింది. గట్టు బడికి రోజుకు ఒక్క కుండే వంతు. పడవ వచ్చేదాకా ఆ వట్టి కుండ పక్కన కాపలా కూర్చున్నాను. పెద్దమేష్టారు ధర్మలింగం గారు రెండుసార్లు వచ్చి కుండలోకి తొంగిచూసి, రెండుసార్లూ "ఇంకా రాలేదాండీ?" అని అడిగి వెళ్లారు. కళ్లెదుట వట్టి కుండ పెట్టుకుని అడిగే ప్రశ్నకు ఏం జవాబు చెప్పాలో ఇరవై రెండేళ్ల సర్వీసులో నాకింకా తెలియలేదు.

జల్లెడ తరగతి చెప్పే టీచర్లందరూ ఈ దినచర్య రాయాలి. "పిల్లల ప్రవర్తన" అని పెద్ద గడి, "టీచరు ఆలోచన" అని చిన్న గడి ఇచ్చారు. నాకు చిన్న గడి చాలదు. పెద్ద గడిలోకి పాకిస్తున్నాను. చదివేవాళ్లు సర్దుకోవాలి.

పిల్లలు పన్నెండు మంది. ఏడుగురు మెట్ట మీది ఊళ్ల నుంచి, ఐదుగురు తెప్పల మీది ఇళ్ల నుంచి. ఎవరు ఎక్కడివాళ్లో నాకు తెలియదు. తెప్పల పిల్లలు నీటి వైపు గుమ్మంలోంచి, మెట్ట పిల్లలు కొండ వైపు గుమ్మంలోంచి వచ్చి, కళ్లకు జల్లెడ, చెవిలో గింజ పెట్టుకున్నాకే లోపలికి రావాలి. నేనూ పెట్టుకుంటాను. వాటిలోంచి చూస్తే పిల్లలందరికీ ఒకటే చామనచాయ గుండ్రటి ముఖం, ఒకటే ఎత్తు, ఒకటే గొంతు. పేర్లకు బదులు ఛాతీ మీద చెట్టు బిళ్లలు: రేల, కానుగ, మునగ, మామిడి, అలా. ఆడపిల్లో మగపిల్లాడో కూడా నాకు తెలియదు. యాసను కూడా జల్లెడ పట్టేస్తుంది. ఏ పిల్ల "ఒగ్గెయ్" అని అరిచినా, నా చెవికి "దయచేసి నన్ను విడిచిపెట్టుము" అని వినబడుతుంది. మొదటి వారమంతా నవ్వు ఆపుకోలేక చచ్చాను.

తొంభై రోజులు ఇలా కలిసి చదివితే, తొంభై ఒకటో రోజు జల్లెడ తీసేసరికి స్నేహాలు గట్టిపడి ఉంటాయని పైవాళ్ల ఆశ. నాదీ అదే ఆశ. నీళ్లు పొలాల మీదకు వచ్చి నలభై ఏళ్లయినా, మెట్టవాళ్లూ తెప్పలవాళ్లూ ఇంకా ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లరు.

61వ రోజు

కిటికీలో పుదీనా ఈ నెల ఎందుకో ఏపుగా పెరిగింది. దానికి ఎవరూ నీళ్లు పోయరు, పోయడానికి ఉంటే కదా. కోసుకెళ్లి పచ్చడి చేశాను.

మరో సంగతి ఉంది. పదకొండు గంటలకు నీళ్ల గంట కొడతాం. కుండ దగ్గర ఒకే గ్లాసు ఉంటుంది, అందరూ దానితోనే తాగాలి. అది ఈ తరగతి నియమం. యాభయ్యో రోజు నుంచి పిల్లలతోపాటు నేను కూడా వరసలో ఎక్కడ చోటు దొరికితే అక్కడ నిలబడాలి. గ్లాసుకు క్రిములు నిలవని పూత ఉంది, రెప్పపాటులో చచ్చిపోతాయి. అందుకే "గ్లాసు కడగనక్కర్లేదు, నీళ్లు వృథా చేయవద్దు" అని గోడ మీద బోర్డు కూడా పెట్టారు.

ఇన్నాళ్లూ గంట కొట్టగానే తోపులాటే. ఈరోజు తోపులాట లేదు. కొందరు ముందుకు వచ్చారు, కొందరు వెనక్కి తగ్గారు. మునగ ముందు నిలబడి ఉండి కూడా, మామిడిని చూసి పక్కకు జరిగింది. మర్యాదలు నేర్చుకున్నారని సంబరపడ్డాను.

ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే సంబరం తగ్గింది. తగ్గినవాళ్లందరూ ఒకేసారి తగ్గారు, ముందే అనుకున్నట్టు.

62వ రోజు

ఈరోజూ వెనక్కి తగ్గినవాళ్లను లెక్కపెట్టాను. నిన్నటివాళ్లే, ఐదుగురు.

ఐదే ఎందుకు కావాలి? నాలుగు కావచ్చు, ఆరు కావచ్చు. జల్లెడ చెడిపోయి ముఖాలు కనబడుతున్నాయేమో అని బాగుచేసే అతన్ని పిలిపించాను. అతను పన్నెండు జల్లెడలూ పెట్టుకుని చూసి, "శుభ్రంగా ఉన్నాయండి. నాకు మీ ముఖం తప్ప ఇంకేం తేడా తెలట్లేదు" అన్నాడు. టీచరు ముఖాన్ని జల్లెడ దాచదు. అది వరమో శాపమో మరి.

ముఖం లేదు, గొంతు లేదు, పేరు లేదు. మరి ఎలా పోల్చుకుంటున్నారు? నాకు బుర్ర పనిచేయడం లేదు.

64వ రోజు

కానుగ ఇంటి నుంచి వేరే గ్లాసు తెచ్చుకుంది. పాత సత్తు గ్లాసు, మెడకు ఎర్ర దారం కట్టి ఉంది. సంచిలోంచి తీసి, కుండ పక్కన పెట్టి, దానితో తాగింది. నా ఒళ్లు మండిపోయింది.

"బడి గ్లాసు ఉండగా ఇది ఎందుకు తెచ్చావు?" అన్నాను.

"నా గ్లాసులో నేను త్రాగుట మంచిదని తోచినది" అని జల్లెడ నాకు వినిపించింది. అసలు కానుగ ఏమన్నదో, ఏ గొంతుతో అన్నదో ఎవరికి తెలుసు?

"ఇక్కడ ఒకటే గ్లాసు. అందుకే కదా మనం ఇన్ని రోజుల నుంచి కలిసి చదువుతున్నాం?"

"అవును. క్షమించండి" అంది. గ్లాసు మాత్రం తీయలేదు. లాక్కోవడానికి నాకు చెయ్యి రాలేదు.

మా అమ్మ గుర్తొచ్చింది. మెట్ట మీద మా ఇంట్లో, చేపలు తెచ్చే తెప్పల మనుషుల కోసం అరుగు మీద ఒక గ్లాసు బోర్లించి ఉండేది. ఆ గ్లాసు లోపలికి వచ్చేది కాదు. పన్నెండేళ్లప్పుడు దాని గురించి అమ్మతో పోట్లాడి వారం రోజులు మాట్లాడలేదు. ఈ ఉద్యోగానికి ఇంటర్వ్యూలో ఆ కథే చెప్పాను. విన్నవాళ్ల కళ్లు చెమర్చాయి కూడా. అలాంటిది, నా తరగతిలోనే రెండో గ్లాసు!

65వ రోజు

మాటలతో చెబితే వినరని పాఠమే మార్చాను. ఒక్కొక్కరికీ గట్టు పటంలో ఒక్కో ముక్క ఇచ్చాను. పన్నెండు ముక్కలూ కలిస్తేనే దారి తెలుస్తుంది, ఎవరి ముక్క తీసేసినా పడవ మునుగుతుంది. ఎంత బాగా ఆడారో చెప్పలేను. రేలా కానుగా ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని పటం కలిపారు. తర్వాత "అందరూ సమానమేనా?" అని పది వాక్యాలు రాయమంటే, పన్నెండు మందీ సమానమేనని రాశారు. అందరికీ పదికి పది వేశాను. ఇంతలో నీళ్ల గంట మోగింది.

రేల బడి గ్లాసు వైపు వెళ్లింది. కానుగ దారం గ్లాసు వైపు వెళ్లింది. కానుగ వెనకాల మునగ, ఇంకో ముగ్గురూ.

రేలను అడిగాను. "నువ్వూ కానుగా స్నేహితులే కదా?"

"ఔను, ప్రాణ స్నేహితులము" అంది.

"మరి గ్లాసు?"

"గ్లాసు వేరు కదా, ఉపాధ్యాయురాలా" అంది, నాకే ఏదో తెలియనట్టు.

67వ రోజు

పెద్దమేష్టారు తలుపు వేసి మాట్లాడారు.

"ఏడు రోజులు దాటనివ్వకూడదమ్మా. తరగతిలో వేర్పాటు కనబడితే మూలం ఎవరో రాసి పంపాలి. రూలు మీకు తెలుసు."

తెలుసు. మూలం అని తేలిన పిల్ల ఇక ఇంటి దగ్గరే తెర ముందు కూర్చుని ఒంటరిగా చదువుకోవాలి. మెట్ట పిల్లకైతే ఫరవాలేదు. తెప్ప మీద తెర పాఠమంటే పాఠం లేనట్టే. అల వస్తే తెర ఆగిపోతుంది, అక్కడ అల ఎప్పుడూ వస్తూనే ఉంటుంది.

"ఆ ఐదుగురూ తెప్పల పిల్లలే అనుకుంటానండీ" అన్నాను. "ఎలా పోల్చుకున్నారో మాత్రం అర్థం కావడం లేదు."

"వాళ్లే వేరుగా ఉంటామంటే మనమేం చేస్తామండీ? గ్లాసు తెచ్చిందెవరు?"

"కానుగ."

"మరింకేం."

అంతేనా అనిపించింది. కానీ గ్లాసు తెచ్చింది కానుగే. మిగతా నలుగురూ దాని వెనకే వెళ్లారు. నేను చెప్పినా తీయలేదు. వేరే జవాబు ఎంత వెతికినా దొరకలేదు. ఫారంలో "మూలం: చెట్టు పేరు" అని ఉన్నచోట కానుగ అని రాసి సంతకం పెట్టాను. ఐదో రోజు నుంచి అమలు, అంటే డెబ్బై రెండు. రాసి ఇచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. సరైన పనే చేశానని మూడుసార్లు నాకు నేనే చెప్పుకున్నాను. సరైన పనికి అన్నిసార్లు చెప్పుకోవాలా?

69వ రోజు

సాయంత్రం రేవులో నూకరత్నం కనబడింది. తెప్పల పిల్లల్ని బడికి దింపి తీసుకెళ్లే పడవ ఆవిడదే. పిల్లల కోసం చూస్తూ చీర కుచ్చెళ్లు ఎగదోపి పడవలో చేరిన నీళ్లు తోడిపోస్తోంది.

"ఏంటి నూకరత్నం గారూ, నీరసంగా ఉన్నారు?"

"ఏం సెప్పమంటారండీ! మా మనవరాలితో సచ్చిపోతన్నానండి. ఇంటికాడ నీళ్లు ఎత్తిపోసుకు తాగడం నేర్సుకుంటందండి. గ్లాసు ఇంతెత్తున పట్టుకుని గుడగుడా పోసుకుంటాది, పొలమారి దగ్గుతాది. మంచినీళ్లన్నీ గౌను పాలే. ఎందుకే అంటే సెప్పదు."

"అందరూ అలాగే తాగుతారుగా. అందులో నేర్చుకునేదేముంది?"

ఆవిడ తోడడం ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "మీ మెట్ట మీద తాగుతారండి. తెప్ప నిలబడతాదాండీ? ఎత్తి పోసుకుంటే నోట్లోకెల్లవండి, ముక్కులోకెల్తాయి. మేం అందరం మూతి పెట్టే తాగుతావండి. పుట్టిన్నించీ అంతే."

ఇంటికి నడుస్తూ ఆ మాటే తిప్పి తిప్పి ఆలోచించాను. మూతి! ముఖం దాచినా, గొంతు దాచినా, గ్లాసు పెదవికి ఆనడం కనబడుతుంది. పిల్లలు పోల్చుకున్నది దాన్నిబట్టే. ఎన్నాళ్లుగానో కళ్లెదుటే ఉన్నదాన్ని నేను చూడలేదు. బాగుచేసే అతన్ని అనవసరంగా పిలిపించాను.

కానీ పోల్చుకున్నంత మాత్రాన వెనక్కి తగ్గడం ఎందుకు? అరవై రోజులు లేని తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? ముందు ఎవరు ఎవర్ని చీదరించుకున్నారో చూడాలి. జల్లెడ చూసినదంతా దాచుకుంటుంది. ఆ రేల మీద నాకు అనుమానంగా ఉంది.

70వ రోజు

పెద్దమేష్టారి అనుమతి తీసుకుని, బడి వదిలాక కుండ దగ్గరి దృశ్యాలు యాభయ్యో రోజు నుంచి చూశాను. ఇది రాయడానికి మూడుసార్లు కలం పట్టి వదిలేశాను. రాస్తాను.

యాభై రెండో రోజు. నా ముందు రేల. గ్లాసు ఎత్తి పోసుకుని తాగి నాకిచ్చింది. నేను ముంచుకుని తాగాను.

యాభై మూడు. నా ముందు కానుగ. పెదవి ఆనించి తాగి, రెండు చేతులతో గ్లాసు నాకిచ్చింది. నేను గ్లాసులో కాసిని నీళ్లు ముంచాను. గిర్రున తిప్పాను. కిటికీలో పుదీనా మీద పారబోశాను. మళ్లీ ముంచుకుని తాగాను. ఇదంతా చేస్తూ, పక్కనున్న పిల్లతో ఎక్కాల గురించి మాట్లాడుతున్నాను. ఆ చేతికీ నాకూ సంబంధం లేనట్టే ఉంది.

నాకేమీ గుర్తులేదు. నిజంగా గుర్తులేదు.

అరవయ్యో రోజు దాకా చూశాను. నా ముందు మూతి పెట్టి తాగిన పిల్ల ఉన్న ప్రతిసారీ కడిగాను. ఆరుసార్లు. అందులో నాలుగుసార్లు ముందున్నది కానుగే. ఎత్తి పోసుకున్న పిల్ల తర్వాత ఒక్కసారి కూడా కడగలేదు. నాకు వాళ్లెవరో తెలియదు. నా చేతికి తెలిసింది. గోడ మీద బోర్డు నా తల వెనకే ఉంది.

కానుగ ముఖం కోసం వెతికాను. ఏం లాభం, అదే గుండ్రటి ముఖం. కానీ ప్రతిసారీ ఆ ముఖం నా చేతి వైపు తిరిగి ఉంది. రెండోసారి నుంచి పన్నెండు ముఖాలూ తిరిగి ఉన్నాయి.

అరవయ్యో రోజు మునగ తర్వాత రేల గ్లాసు అందుకుంది. నీళ్లు ముంచింది, గిర్రున తిప్పింది, పుదీనా మీద పోసింది. ఆ మణికట్టు తిప్పడం నాకు బాగా తెలుసు. నాది. నాకంటే ముందు మా అమ్మది. అరుగు మీది గ్లాసు నేను తీయించేశాననుకుని ఇన్నేళ్లూ గొప్పలు పోయాను.

అరవై నాలుగో రోజు కానుగ గ్లాసు తెచ్చుకుంది. తన తర్వాత ఎవరూ కడుక్కోవాల్సిన పని లేకుండా. ఆ పిల్లనే నేను మూలం అని రాశాను.

ఆ పుదీనా పచ్చడి రెండు రోజులు లొట్టలేసుకుంటూ తిన్నాను.

71వ రోజు

పొద్దున్నే పెద్దమేష్టారి బల్ల మీద నుంచి ఫారం తీసుకుని, కానుగ పేరు కొట్టేసి, నా పేరు రాశాను. నాగవర్ధని.

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెట్టు పేరు అని ఉందమ్మా ఇక్కడ. టీచరు పేరు రాయడానికి గడి లేదు."

"లేకపోతే పక్కన రాశాను, చూడండి."

"ఒక్క గ్లాసు తొలిచినందుకు ఉద్యోగం మీదకు తెచ్చుకుంటారా? అది మన అలవాటండీ. నేనూ తొలుస్తాను. మా ఇంట్లో అందరం తొలుస్తాం. తప్పని ఎవరన్నారు?"

"పిల్లలు పన్నెండు మంది ఉన్నారండీ. నా దగ్గర నేర్చుకుంటున్నారు."

ఆయన అద్దాలు పెట్టుకుని ఫారం మళ్లీ మొదటి నుంచి చదివారు. తర్వాత ముద్ర వేశారు. కానుగ బడిలోనే ఉంటుంది. నా సంగతి తొంభయ్యో రోజు తర్వాత తేలుస్తారట. అప్పటిదాకా పాఠాలు నేనే చెప్పాలి. మూలం అని రాసుకున్న మనిషికే తరగతి అప్పగించడం ఏం రూలో నాకు తెలియలేదు. అడిగితే ఆయనకూ తెలియదన్నారు.

వెళుతుంటే వెనక నుంచి, "పిల్లలకు చెబుతారా?" అన్నారు.

చెబుతానన్నాను. ఎలా చెప్పాలో మాత్రం సాయంత్రం దాకా ఆలోచించినా తేలలేదు.

72వ రోజు

నీళ్ల గంట కొట్టాక నా జల్లెడ తీసి బల్ల మీద పెట్టాను. చెవిలో గింజ కూడా తీశాను. రూలు కాదు. డెబ్బై రెండు రోజుల తర్వాత పిల్లల్ని మొదటిసారి చూశాను. ఎవరూ గుండ్రంగా లేరు.

కానుగ బిళ్ల పెట్టుకున్నది చిన్న ఆడపిల్ల. ముందు పన్ను సగమే వచ్చింది. నూనె రాసి బిగించి వేసిన రెండు జడలు. నూకరత్నం ముక్కే.

"గ్లాసు కడగడం ఈ తరగతిలో మొదలుపెట్టింది నేను" అన్నాను. "అది తప్పు. బోర్డు ఉండగా కడిగాను. కొందరు తాగాకే కడిగాను. మీరెవరూ చేయలేదు, నేను చేశాను." ఇంకా చాలా చెబుదామని రాత్రి నుంచి అనుకున్నాను. అంతే వచ్చింది. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. ఎవరికేం అర్థమైందో తెలియదు.

"కానుగా, బడి గ్లాసుతో తాగు. నీ తర్వాత నేను తాగుతాను."

ఆ పిల్ల బడి గ్లాసు ముంచింది. ఒకసారి నా వైపు చూసింది. మెడ వెనక్కి వంచి, గ్లాసును చెయ్యి సాగినంత ఎత్తుకు లేపి, గుడగుడా పోసుకుంది. సగం నోట్లోకి, సగం ముక్కులోకి, గౌనంతా తడిసింది. పొలమారి, కళ్ల నీళ్లు వచ్చేదాకా దగ్గింది. దగ్గుతూనే గ్లాసు రెండు చేతులతో నా ముందుకు పట్టింది. పెదవి ఆనలేదు కదా, చూశారా అన్నట్టు ముఖం వెలిగిపోతోంది.

"వచ్చేసిందండి టీచర్ గారూ" అంది. "ఇంక మీరు కడుక్కోక్కర్లేదండి."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, దాచడానికి కళ్ల మీద జల్లెడ కూడా లేదు. గ్లాసులో కాస్త నీళ్లు మిగిలి ఉన్నాయి. "అలా కాదమ్మా, మీ ఇంట్లో తాగినట్టే తాగు" అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. రెండోసారి అడిగాక, పెదవి ఆనించి ఒక్క గుక్క తాగి, భయంగా నాకిచ్చింది. నేను అదే అంచుకు పెదవి ఆనించి తాగాను. అలా తాగడం నాకూ చేతకాదు, గడ్డం మీదుగా కొంత కారింది.

వరసలో నా వెనక రేల ఉంది. పొడుగు పిల్ల, చెవులకు బంగారు దుద్దులు, మెట్ట మీద మా వీధి పిల్లేనని చూడగానే తెలిసింది. నా కొంగు పట్టి మెల్లిగా లాగింది. నలుగురిలో నా పరువు పోకూడదన్నట్టు, మంచి మనసుతో, చెవిలో చెప్పింది.

"టీచర్ గారూ, కడగడం మర్చిపోయారండి."

ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.